పత్తిలో దాచిన పెట్రోలు

ఇవాళ బంకులో ట్యాంకు నిండి, పెట్రోలు పొంగి నా చెప్పు మీద పడింది. ఆ వాసనకు దర్శి దగ్గర మన ఇల్లు గుర్తొచ్చింది. రేటు వచ్చేదాకా గది నిండా పత్తి పోసి, మనమంతా వరండాలో పడుకునేవాళ్లం, గుర్తుందా తమ్ముడూ?

నువ్వు ఊళ్లో లేని ఒకరోజు నాన్న సీసాలో తెచ్చిన పెట్రోలు బండిలో పోస్తున్నాడు. ట్యాంకులోకి చూస్తూ "చాలు" అని చెప్పడం నా పని. లోపల మెరుస్తూ పైకొస్తున్న పెట్రోలును చూస్తూ ఆ మాట మరిచిపోయాను. పొంగింది.

"నిద్రపోతున్నావేంటే? తుడువు."

గుప్పెడు పత్తి తెచ్చి తుడిచాను. పత్తి పాడుచేశానని అమ్మ తిడుతుందని, దాన్ని మళ్లీ కుప్పలోనే లోతుగా దూర్చాను. అది అంటుకుంటే ఏడాది పంటా, ఇల్లూ పోతాయని తర్వాత తట్టింది. ఇక కూర్చోలేను, నిలబడలేను.

పొద్దుగూకుతుండగా కరెంటు పోయింది. చాప కోసం అమ్మ కొవ్వొత్తి వెలిగించుకుని ఆ గదివైపు నడిచింది.

"అమ్మా, లోపలికి పోవద్దు. పత్తిలో పెట్రోలు దాచాను."

అమ్మ కొవ్వొత్తి ఆర్పేసి, "ఏమయ్యోయ్, ఇటు రా" అని నాన్నను కేకేసింది. ముగ్గురం చీకట్లో గుప్పెడు గుప్పెడు పత్తి ముక్కు దగ్గర పెట్టుకుని వెతికాం. చివరికి దొరికింది. దొరికాక కూడా నాన్న ఆగలేదు. కుప్ప అడుగుదాకా వాసన చూస్తూనే ఉన్నాడు.