పుట్టింటి చీరతో చిరాగ్‌పల్లి దారిలో

వానాకాలంలో సంగారెడ్డి నుంచి జహీరాబాద్ దాటి మోటారు సైకిల్ మీద పోదలచుకున్నవారికి నా మొదటి సలహా ఒక్కటే, పోవద్దని. తప్పనిసరైతే ఇది చదువుకుని పొండి. ఎనభైల మొదట్లో, ఒక శ్రావణమాసంలో, నేను తప్పనిసరై పోయాను.

ఆ ఉదయం పది కావస్తుండగా మా ఆఫీసుకు జహీరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది మా బావ తమ్ముడు.

"మీ అక్క పొద్దుగాల వోయింది. చీర పట్టుకొని జల్ది రా. నువ్వొచ్చేదాక ఎత్తరు," అన్నాడు.

మూడు రోజుల జ్వరమట. మా వైపు భర్త ఉండగా పోయిన ఆడమనిషికి పుట్టింటి చీర కప్పి, పుట్టింటివాళ్లు సరే అన్నాకే పాడె లేస్తుంది. మా అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. అంజమ్మక్కకు పుట్టిల్లంటే నేనొక్కడినే. నా భార్యకు ఎనిమిదో నెల, అలాంటి చోటికి రాకూడదు.

బస్సెక్కితే చిరాగ్‌పల్లి దగ్గర దింపేస్తుంది. అక్కడి నుంచి అక్క ఊరికి ఆరు కిలోమీటర్ల మట్టిబాట, ఊరి ముందు ఒక వాగు. అందుకని తోటి గుమాస్తా యాదగిరిని మోటారు సైకిల్ అడిగాను. "టాంకి నిండుగున్నది, ఫికర్ చెయ్యకు," అని తాళం చేతిలో పెట్టాడు.

పదీ ఇరవైకి బయలుదేరాను. సదాశివపేట దాకా ముసురే. ఊరు దాటగానే వాన దంచడం మొదలుపెట్టింది. బండి మీద పోయేవాడికి వాన పైనుంచి పడదు, ఎదురుగా వచ్చి ముఖాన కొడుతుంది. కళ్లద్దాలు పెట్టుకుంటే దారి కనిపించదు, తీస్తే కళ్లు తెరవలేం. బొంబాయి లారీలు దాటిపోతూ బురదనీళ్లు నెత్తిన పోసి పోయేవి. చేతివేళ్లు మొద్దుబారి క్లచ్ ఎక్కడుందో తెలియలేదు. బుదేరా దగ్గర ఒక టీకొట్టు ముందు బండి ఆగిపోయింది. టీకొట్టతను ప్లగ్గు విప్పి, పొయ్యి మీద ఆరబెట్టి ఇచ్చాడు. ఖాళీ యూరియా సంచికి మెడ దగ్గర బొక్క చేసి నాకు తొడిగాడు.

"గింత వానల ఏం పనివడ్డది సారూ?" అన్నాడు.

"అక్క దగ్గరికి," అన్నాను.

పన్నెండున్నరకు జహీరాబాద్ చేరాను. ఇక్కడ జరిగింది కొంచెం వివరంగా రాయాలి. బట్టల దుకాణానికి వెళ్లి చావుకు చీర కావాలంటే, వాళ్లు బేరం లేకుండా, మడత విప్పకుండా, చేతికందిన చీర ఒకటి ఇచ్చి పంపుతారు. ఐదు నిమిషాల పని. నేను ఆ మాట చెప్పలేదు. మూడేళ్లుగా ప్రతి పండక్కీ అక్కకు చీర పెడదామనుకుంటూ వాయిదా వేసిన మనిషిని నేను. ఇప్పుడు చేతికందిన చీర పట్టుకుపోవడానికి మనసు రాలేదు. "మా అక్కకు మంచి చీర చూపించండి," అన్నాను.

దుకాణం ఆయన తువ్వాలు ఇచ్చి తల తుడుచుకోమన్నాడు. టీ తెప్పించాడు. "అక్క రంగు ఎట్లుంటది సార్? తెలుపా, చామనఛాయనా?" అని అడిగాడు.

"చామనఛాయ. కొంచెం పొడగరి," అన్నాను.

ఇక ఒకదాని మీద ఒకటి విప్పి పరిచాడు. ఇది అక్కకు నప్పదు, ఆ అంచు మరీ సన్నం, ఈ రంగు ఆమెకు ఇష్టం ఉండదు అంటూ నేను పక్కకు పెడుతూనే ఉన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు అక్కడ సంతోషంగా ఉంది. అక్క ఇంట్లో కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది. చివరికి ఆకుపచ్చ చీర, కుంకుమ రంగు అంచుది తీసుకున్నాను. బయటికొచ్చేసరికి ఒకటీ నలభై.

రెండుంబావుకు చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు దిగాను. అది నల్లరేగడి బాట. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి ఇరుక్కుని బండి కదలదు. దిగి పుల్లతో గోకి, నాలుగడుగులు నడిపి, మళ్లీ గోకాలి. రెండుసార్లు పడ్డాను. చీర పొట్లాన్ని మాత్రం చొక్కా లోపల తడవకుండా పెట్టుకున్నాను.

మూడుంబావుకు వాగు చేరాను. ఎర్రటి నీళ్లు ఒడ్డు నుంచి ఒడ్డుకు పోతున్నాయి. గొంగడి కప్పుకున్న గొర్లకాపరి ఒకాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడొచ్చాయి ఈ నీళ్లు?" అన్నాను.

"గిప్పుడే సారూ. అర్ధగంట ముంగట మోకాళ్లకాడికే ఉండె. నేనే గొర్లను దాటించిన."

నేను గడియారం చూసుకుని, జహీరాబాద్ నుంచి పట్టిన టైము లెక్కవేసుకున్నాను.

అవతలి ఒడ్డున జనం కనిపించారు. ముందు నిలబడింది మా బావ. అరిచాను, ఆయనా అరిచాడు. నీళ్ల హోరులో ఒక్క ముక్క వినపడలేదు. నాలుగున్నర దాకా అలాగే ఎదురెదురుగా నిలబడ్డాం. ఆలోగా నేనెందుకొచ్చానో కాపరికి చెప్పాను. నీళ్లు ఇంకా పెరిగాయి. బావ చెయ్యెత్తి ఆకాశం చూపించాడు, ఊరివైపు చూపించాడు, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"అడుగుతున్నడు సారూ," అన్నాడు కాపరి. "చీకటి వడకముందే ఎత్తాలె గదా. చీర ఇప్పి చూపెట్టు. తెచ్చినవని వాళ్లకు తెలవాలె."

ఆయన ఒక కొస పట్టుకున్నాడు, నేనొక కొస. వానలో చీర చాపి నిలబడ్డాం. అవతల ఆడవాళ్లు తలలు బాదుకోవడం కనిపించింది. బావ జోడించిన చేతులు దించలేదు. ఎత్తండన్నట్టు నేను చెయ్యి పైకెత్తాను. జనం వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. కాసేపటికి ఊరి చివర నుంచి పాడె బయటికి వచ్చింది. దాని మీద ఎవరి చీర కప్పారో అంత దూరం నుంచి ఆనలేదు.

"ఇది ఇంటికి కొంటపోవద్దు సారూ. నీళ్లల్ల ఇడువు, ఆమెకే అందుతది," అన్నాడు కాపరి.

వదిలాను. చీర పది అడుగులు కూడా పోకుండా, నేనున్న ఒడ్డునే తుమ్మకంపకు చిక్కుకుని ఆగిపోయింది. ఇద్దరం కాసేపు దాన్ని చూశాం.

తిరుగు ప్రయాణంలో వాన తగ్గింది, రోడ్డు బాగానే ఉంది. ఎనిమిది గంటలకు సంగారెడ్డి చేరి యాదగిరి ఇంటికి వెళ్లి తాళం ఇచ్చాను. వాగు సంగతి విని ఆయన బండి సీటు మీది నీళ్లు చేత్తో తుడిచాడు.

"ఏం జేస్తం, వాన ఆపింది నిన్ను," అన్నాడు.

తల ఊపాను. పదోనాడు అక్క ఇంటికి వెళ్తే బావ కూడా నా భుజం మీద చెయ్యి వేసి అదే మాట అన్నాడు. ఆయనకూ తల ఊపాను.