సిమెంటు బెంచీ నడిపిన డ్రైవరు

ఒక ఆదివారం పొద్దున బస్సు డ్రైవరొకడు పార్కులోని సిమెంటు బెంచీని కొలను దాకా నడుపుకుంటూ వెళ్ళి, ఒక్క గీత పడకుండా తిరిగి తెచ్చి చెట్టు కింద పెట్టాడు. కొలను దాకా అన్నది కాస్త ఎక్కువే. బెంచీ కాళ్ళు నేలలో పాతి ఉన్నాయి గనుక అది కదల్లేదని కూడా ఒప్పుకోవచ్చు. నడిపిన మాట మాత్రం నిజం.

డ్రైవరుకి మాటలు తక్కువ. పొద్దున్నే మొదటి బండి తీస్తాడు, రాత్రి చివరి బండి డిపోలో పెట్టి వస్తాడు. అతను వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండేళ్ళు నిండని కూతురు బుడంకాయ నిద్రలోనే ఉంటుంది. నాన్నంటే దానికి దండెం మీద ఆరేసిన ఖాకీ చొక్కా. ఆ చొక్కాకి రోజూ టాటా చెబుతుంది. లోపల మనిషితో సహా వస్తే మాత్రం గుర్తుపట్టదు.

సెలవు దొరికిన ఆ పూట అందరూ పార్కుకి బయల్దేరారు. వెంట భార్య, అత్తగారు, అత్తగారి చంకలో బుడంకాయ. ఇవాళ ఎలాగైనా పిల్ల తన దగ్గరికి రావాలని డ్రైవరు పట్టుదల. అందుకని గడ్డం నున్నగా గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

ఉయ్యాల ఊపబోయాడు. బుడంకాయ ఆరున్నొక్క రాగం అందుకుంది. జారుడుబల్ల కింద చేతులు చాచి నిలబడ్డాడు. పిల్ల పైనుంచే వెనక్కి తిరిగింది.

"నాన్నేనే! వెళ్ళు," అంది తల్లి.

"ఒద్దు."

"మొహం అలా గంటు పెట్టుకుంటే నాకే భయమేస్తోంది అల్లుడుగారూ. కాస్త నవ్వండి," అంది అత్తగారు.

డ్రైవరు నవ్వాడు. బుడంకాయ అమ్మమ్మ కొంగులో దూరింది.

"వద్దులెండి, ముందరిదే నయం."

డ్రైవరు మొహం వేలాడేసుకుని వెళ్ళి, పేపరు చదువుతున్న పెద్దాయన పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. అంతలో ఎవరిదో బంతి దొర్లుకుంటూ కాళ్ళ ముందుకొచ్చింది. అలవాటు చొప్పున అతని కుడికాలు నేలని బలంగా తొక్కేసింది, చెయ్యి గాల్లో హారను నొక్కింది, నోరు దానంతటదే "పాం" అంది. పెద్దాయన చేతిలో పేపరు ఎగిరి పడింది.

బుడంకాయ కిలకిలా నవ్వింది. "మల్లీ!"

డ్రైవరు మళ్ళీ బ్రేకు తొక్కాడు. పిల్ల కొంగు వదిలింది. గేరు మార్చి, నోటితోనే ఇంజను గుర్రుమనిపించాడు. పిల్ల తప్పటడుగులేసుకుంటూ వచ్చి అతని మోకాలు పట్టుకుని నిలబడింది. అతను బస్సు తలుపు తెరుచుకున్నట్టు మెల్లిగా కిర్రుమన్నాడు. ఎక్కి ఒళ్ళో కూర్చుంది.

"కొలను దగ్గర ఆగుతుందా బాబూ?" అన్నాడు పెద్దాయన.

"ఎక్స్‌ప్రెస్సండీ. ఆగదు."

"మీరు ముందు లేవండి. ఇది ఆడవాళ్ళ సీటు," అంటూ అత్తగారు ఆయన్ని లేపేసి కూర్చుంది.

భార్య కూడా ఎక్కబోతే బుడంకాయ చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మ ఒద్దు!"

"నవమాసాలు మోసినదాన్ని, నాకు నిలబడ్డానికైనా చోటు లేదుటే?"

"వెనక బండి ఖాళీగా వస్తోంది," అన్నాడు డ్రైవరు.

ఎండెక్కింది. బుడంకాయ స్టీరింగు పట్టిన చేతుల మధ్యనే నిద్రపోయింది. పోదాం పదమని భార్య ఎంత పిలిచినా డ్రైవరు కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కినా ఇంజను మాత్రం సన్నగా గుర్రుమంటూనే ఉంది.

ఇదంతా అడిగితే డ్రైవరు కొట్టిపారేస్తాడు. "బెంచీ నడపడమేంటండీ, నాకేమైనా పిచ్చా? కాలు నొప్పని కాసేపు కూర్చున్నా, అంతే. అయినా నా కూతురు నా దగ్గరికి రాకపోవడమేంటి? పుట్టినప్పట్నుంచీ అది నన్నొదిల్తేగా!"