నాలుగో నంబరు

దయ్యాల మాటెత్తితే ముందు నవ్వేది నేనే. ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తుంటే పక్కన నిలబడి వెటకారం చేసేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

ఎనభైల చివర్లో దాచేపల్లి అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో పనిచేసేవాణ్ణి. రాళ్లు పగలగొట్టే క్రషర్‌కి ఒక కంప్యూటరు, ఆ రాయిని కాల్చే కొలిమికి ఒకటి, చివర మిల్లుకి ఒకటి ఉండేవి. మొదట్లో మూడు బల్లలు, ముగ్గురు మనుషులం. తరవాత ఒకే బల్ల మీద ఒక తెర, ఒక కీబోర్డు, పక్కన చిన్న ఇనప పెట్టె పెట్టారు. దాని మీద రేడియోకి ఉన్నట్టు ఒక నాబ్. ఒకటి మీదికి తిప్పితే క్రషర్, రెండైతే కొలిమి, మూడైతే మిల్లు. నాలుగుకి వైరే లేదు. అక్కడికి తిప్పితే తెర నల్లగా అయిపోయేది, ఏం కొట్టినా ఎక్కడికీ వెళ్లేది కాదు.

నాకు పని నేర్పింది ప్రకాశరావు గారు. వాళ్ల ఊరి చర్చిలో సంఘపెద్ద. మంచినీళ్లకి లేచినా సరే, నాబ్‌ని నాలుగు మీద పెట్టిగాని కుర్చీ వదిలేవారు కాదు. నాకదంతా చాదస్తంగా ఉండేది.

"ఆ నాలుగులో ఎవరున్నారండీ, మీ ప్రభువా?" అని ఏడిపించేవాణ్ణి.

"ఎవరూ లేరు కాబట్టేనయ్యా. పొరపాటున చెయ్యి తగిలినా ఎవడి ప్రాణం మీదికీ రాదు," అనేవారు.

ఆ ఏడు వేసవిలో ఆయన గుండెపోటుతో పోయారు. ఆ అలవాటు నేను పట్టించుకోలేదు.

తరవాత రెండు నెలలకేమో, ఒకరోజు మధ్యాహ్నం ఫిట్టర్ ఖాసిం క్రషర్ లోపలికి దిగాడు. దిగేవాడు తన ఎర్రకార్డు నా బల్ల మీద పెట్టాలి. అది ఉన్నంతసేపు ఆ మిషన్ నేను ముట్టుకోకూడదు. పనయ్యాక వచ్చి కార్డు తీసుకున్నాడు.

"అయిపోయింది సార్, ఇక తిప్పుకోండి," అని వెళ్లిపోయాడు.

ఇంకో పని ముగించుకుని, పావుగంట తరవాత నాబ్‌ని ఒకటి మీదికి తిప్పాను. క్రషర్ పేజీ వచ్చింది. స్టార్ట్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. అక్షరాలు తెర మీద పడ్డాయి. గోడ అవతల చప్పుడు లేదు. మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టి, ఒళ్లు మండి బల్ల మీద ఒక్కటి చరిచాను.

అప్పుడు చూశాను. నాబ్ నాలుగు మీద ఉంది. తెర మీద మాత్రం క్రషర్ పేజీ, నేను కొట్టిన మూడు వరుసలు అలాగే ఉన్నాయి.

నాబ్ మీద చెయ్యి వేశాను. ఫోన్ మోగింది.

"సార్, తిప్పమాకండి! ఖాసిం లోపలే ఉన్నాడు!" క్రషర్ దగ్గరుండే మేస్త్రీ అరుపు. పానా మర్చిపోయి మళ్లీ దిగాడట. ఈసారి కార్డు నా బల్ల మీద పెట్టలేదు, అతని జేబులోనే ఉంది.

నాబ్ మీంచి చెయ్యి తీసేశాను. కళ్ల ముందే తెర నల్లబడింది.

ఖాసిం బయటికొచ్చాక ఒకటి మీద పెట్టి చూశాను. క్రషర్ పేజీలో నేను కొట్టిన ఒక్క అక్షరం కూడా లేదు. సాయంత్రం ఎలక్ట్రీషియన్ పెట్టె విప్పాడు. నాలుగు దగ్గర బోసి రంధ్రం. ఒకటి మీద ఉండుంటే క్రషర్ తిరిగేది. నాలుగు మీద ఉండుంటే తెర నల్లగా ఉండేది. రెండూ కాకుండా ఎలా జరిగిందో అతనూ చెప్పలేకపోయాడు.

ఖాసిం ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నొక్కారా సార్?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మూడుసార్లు," అన్నాను.

 ఖాసిం ఆ నాబ్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

 ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం నాలుగు మీద పెట్టిగాని లేవలేదు. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ ఎవరున్నారని నన్నూ ఏడిపించేవారు. ఎవరూ లేరని చెప్పడానికి మాత్రం నాకు నోరు వచ్చేది కాదు.