తొమ్మిది అంగుళాల తేడా

ఆ వీధిలో అందరికీ ఆయన టేపు మాస్టారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. అన్నం తినేటప్పుడు కూడా తీయడని, ఒకసారి దాని కొస కూరలో మునిగితే భార్య సబ్బు పెట్టి ఉతికి ఆరేసిందని చెప్పుకునేవాళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కొట్టు, అదే కుట్టుమిషను, కాలు వంకరపోయిన అదే స్టూలు.

ఆయనకో మొండి పట్టు ఉంది. ఇంకొకడు కొలిచిన కొలత నమ్మి కత్తెర పెట్టడు. కుర్రతనంలో ఒక్కసారి పెట్టాడు. ఒక పెళ్ళికొడుకు తరఫువాళ్ళు చీటీ మీద కొలతలు రాసి పంపితే నమ్మి సూటు కోసేశాడు. నడుము దగ్గర నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది. పెళ్ళికొడుకు ఊపిరి బిగపట్టి ఫొటోలు దిగాడు. మాస్టారు మూడు నెలలు ఊపిరి బిగపట్టి ఆ బట్ట ఖరీదు కట్టాడు. అప్పట్నుంచీ ఎవరు చీటీ తెచ్చినా పక్కన పడేసి, "చీటీకి చొక్కా కుట్టను, మనిషిని పంపించు" అనడం అలవాటైపోయింది.

కొట్టు కింద, ఇల్లు అదే మేడ మీద నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. రెండూ అద్దెవే. గుండీలు, కాజాలు, అంచుల చేతిపని అంతా భార్యది. మోకాళ్ళు అరిగిపోయాక ఆవిడ మెట్లు దిగడం మానేసింది. "దిగితే ఎక్కలేను, ఎక్కితే దిగలేను, నేనేమన్నా గాలిపటాన్నా?" అనేది. బట్టలు పై కిటికీ గిలక మీంచి తాడు కట్టిన బుట్టలో పైకి వెళ్ళేవి, అంచులు కుట్టుకుని కిందికి వచ్చేవి. ఎనిమిది నెలలుగా ఆవిడకి వీధి అంటే ఆ బుట్ట దిగినంత మేర.

అందుకే ఇల్లు కొనాలనుకున్నారు. వాళ్ళకి కావలసింది మేడా కాదు, మిద్దే కాదు. ఒక్క మెట్టు కూడా లేని ఇల్లు.

దొరికింది. రిటైరైన బస్సు డ్రైవరుది. ఒక గది, వంటిల్లు, వీధిలోకే తెరుచుకునే తలుపు. చూడ్డానికి భార్యని ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. ఆవిడ గోడలు చూడలేదు, పంపు తిప్పలేదు. తలుపులోంచి లోపలికి వెళ్ళింది, బయటికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"ఏమైందే? ఏదైనా పడేసుకున్నావా?" అన్నాడు మాస్టారు.

"లేదండీ. ఊరికే."

ఇక సర్కారు సంగతి. ఇల్లు కొన్నవాడు రిజిస్ట్రేషన్ రోజున కొనుగోలు పన్ను కట్టాలి. మొదటి ఇల్లు కొనేవాళ్ళకి మూడేళ్ళుగా అందులో ముప్పాతిక మాఫీ. మాఫీ వచ్చిన రోజే అమ్మేవాళ్ళంతా ఆ మేరకి ధరలు పెంచేశారు. అంటే పేదవాడి చేతిలో పెట్టిన చిల్లర అమ్మేవాడి జేబులోకే పోయింది. ఇప్పుడు ఆ మాఫీ నెలాఖరుతో రద్దు అన్నారు. ధర మాత్రం దిగలేదు. పెరిగిన ధరా, పెరిగిన పన్నూ రెండూ కొనేవాడి నెత్తినే. బ్యాంకు ఇంటికి అప్పిస్తుంది కానీ పన్నుకి ఇవ్వదు. అది చేతిలోంచి పడాలి.

మాస్టారు దగ్గర పావు వంతు పన్నుకి సరిపడా ఉంది. డ్రైవరుకి అడ్వాన్సు ఇచ్చి, ఇరవై ఏడో తేదీకి రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారు.

ఇరవై ఆరో తేదీ పొద్దున భార్య బుట్టలో ఒక చీటీ పంపింది. "కొత్తింటికి పరదాలు కుట్టాలి, కిటికీ కొలత తీసుకురండి." ఆయన మిషను ఆపి, సంబరంగా ఈల వేసుకుంటూ వెళ్ళాడు. కిటికీ కొలిచాడు. టేపు చేతిలో ఉంది, గోడ ఎదురుగా ఉంది. ఊరుకోలేకపోయాడు. గోడ కూడా కొలిచాడు.

దస్తావేజులో గది పొడవు పద్నాలుగు అడుగులు. టేపులో పదమూడు అడుగుల మూడు అంగుళాలు.

మళ్ళీ కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. ఇల్లు కుదిర్చిన బ్రోకరుకి ఫోను చేశాడు.

"తొమ్మిది అంగుళాలా!" బ్రోకరు నవ్వాడు. "మాస్టారూ, అది సిమెంటు పూత తిన్నది. గోడలేమన్నా మీ చొక్కాలా, ఒంటికి అంటుకున్నట్టు ఉండడానికి?"

"లేనిది ఉన్నట్టు రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టనయ్యా. సర్వేయర్ని పిలిపించి దిద్దించు."

"గడువు నాలుగు రోజులే ఉంది."

"ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే అన్నారు. రెండుసార్లూ పొడిగించారు. ఈసారీ పొడిగిస్తారు."

ఆ మాట ఆయనొక్కడే అనలేదు. టీ బంకు దగ్గర అందరూ అదే అంటున్నారు. కాకపోతే, అలా అంటూనే అందరూ వెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించుకుంటున్నారు.

ఆ పూట ఆయన అన్నానికి పైకి ఎక్కి కిటికీ కొలతా, గోడ కొలతా చెప్తే, భార్య సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది. దారం ఎక్కలేదు.

"తొమ్మిది అంగుళాల్లో మనం ఏం పెట్టుకుంటాం?"

"పెట్టుకోవడం కాదే. కొలత తప్పు."

"తప్పయితే అయింది. నాకు మెట్లు లేకపోతే చాలు. పోనివ్వండి."

"రేపు మనం అమ్ముకునేటప్పుడు ఎవడైనా కొలిస్తే?"

"నా శవం లేచాక కొలుస్తారు లెండి," అంది ఆవిడ. "రేపు వెళ్ళి సంతకం పెట్టి రండి."

ఆయన పెట్టలేదు. ముప్ఫై ఏళ్ళ కిందటి పెళ్ళికొడుకు ఆయన మెడ మీంచి దిగలేదు.

సర్వేయరు ఇరవై తొమ్మిదిన వచ్చాడు. నెలాఖరు కాబట్టి వాడిది రోజంతా పరుగే. కొలిచి, "మీరే కరెక్టు" అన్నాడు. దిద్దిన దస్తావేజు ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నం మూడింటికి చేతికొచ్చింది. మాస్టారు, డ్రైవరు, బ్రోకరు ముగ్గురూ రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పరిగెత్తారు. క్యూ గేటు దాటి, ప్రహరీ చుట్టి, వెనక సైకిల్ స్టాండు దాకా ఉంది. మెడలో టేపు చూసి ఎవడో అరిచాడు.

"మాస్టారూ, ఈ క్యూ ఎన్ని గజాలుందో కొలిచి చెప్పండి, చొక్కా కుట్టిద్దాం!"

అందరూ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. మాస్టారు జనాన్ని తోసుకుని కౌంటరు దాకా వెళ్ళాడు. అక్కడి గుమస్తా అమ్మాయి తలెత్తకుండానే చెప్పింది.

"టోకెన్లు రెండున్నరకే అయిపోయాయి పెద్దాయనా. రేపు రండి."

"రేపయితే పన్ను మారిపోతుంది కదమ్మా. ఇదిగో, కాగితం మీద తేదీ ఇవాళ్టిదే."

"కాగితం మీద తేదీ కాదండీ, మా ముద్ర మీద తేదీ లెక్క."

"పొడిగిస్తారంటున్నారు..."

అప్పుడు తలెత్తింది. పొద్దున్నుంచీ ముద్రలు వేసి వేసి ఆమె బొటనవేలు నీలంగా ఉంది. "నాకూ అలాగే చెప్పారండీ. నేనూ ఇల్లు కొందామనుకున్నా. నాకే కుదరలేదు," అంది.

పొడిగించలేదు.

పన్ను నాలుగింతలైంది. మాస్టారు ఏ డబ్బునైనా ప్యాంట్లలోకి మార్చుకుని ఆలోచిస్తాడు. కాళ్ళు మడిచి కుట్టడానికి ఒక్కో ప్యాంటుకి ఎంతో అంత. ఆ తేడా పదకొండు వందల ప్యాంట్లు. ఊళ్ళో ప్రతి మగాడి కాళ్ళూ రాత్రికి రాత్రి పొట్టివైపోయినా కుదిరే పని కాదు. డ్రైవరు పది రోజులు ఆగుతానన్నాడు. ఆ పది రోజుల్లో మాస్టారు అంచులల్లే మిషను అమ్మాడు. చీటీ పాటవాళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. సగం కూడా కూడలేదు.

పదకొండో రోజు డ్రైవరు కొట్టుకొచ్చి, స్టూలు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. నాకూ అవసరాలున్నాయి. వేరే ఆయన అడిగాడు. ఆయనకిది మూడో ఇల్లు, మాఫీతో పనిలేదు. అద్దెకిచ్చుకుంటాడట."

"అడ్వాన్సు?"

"ఒప్పందం ప్రకారం ఇవ్వక్కర్లేదు. కానీ మనిషిని కదా, సగం తెచ్చాను." కవరు మిషను మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మీరు ఆ గోడ కొలవకపోయినా బాగుండేది."

ఆయన వెళ్ళాక మాస్టారు కవరు తెరవలేదు. మధ్యాహ్నం మెట్లెక్కి భార్యకి చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. చివరికి ఆవిడ అన్నది ఒక్క మాటే. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది." కోపంగా కూడా కాదు, వాన పడుతోంది అన్నట్టు అంది.

మూడు వారాలు గడిచాయి. బ్రోకరు ఒక పెద్ద బట్టల మూట పట్టుకుని కొట్టుకొచ్చాడు. మంచి చేస్తున్నాననే సంతోషం వాడి ముఖం నిండా ఉంది.

"మాస్టారూ, మీకో పని తెచ్చా. డ్రైవరు గారి ఇల్లు కొన్నాయన అద్దెకివ్వడానికి పరదాలు కుట్టించమన్నాడు. కిటికీ కొలత మీ దగ్గర ఉంది కదా, వేరేవాడికెందుకని నేనే చెప్పా. ఒక్క రూపాయి తగ్గించొద్దు, గట్టిగా తీసుకోండి."

మాస్టారు కాసేపు వాడి వంక చూశాడు. వాడిలో వెటకారం లేదు. అదే ఇబ్బంది. వెటకారమైతే కత్తెర చూపించేవాడు.

"పెట్టు అక్కడ," అన్నాడు.

కొలతల పుస్తకంలో వెతకక్కర్లేకపోయింది. ఆ కిటికీ ఆయనకి కంఠతా వచ్చు. బట్ట పరిచాడు, సుద్దగీత గీశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, కొలిచిన బట్టని రెండోసారి కొలవకుండా కోసేశాడు. నిలువు కుట్లు మిషను మీద వేసి, కింది అంచులు చేతిపనికి వదిలి, మడిచి బుట్టలో పెట్టాడు. ఏ ఇంటివో చీటీ రాయలేదు. తాడు లాగాడు.

బుట్ట పైకి వెళ్ళింది. కిటికీలోంచి రెండు చేతులు బయటికొచ్చి దాన్ని అందుకున్నాయి. తర్వాత ఆవిడ తల బయటికి వచ్చింది.

"ఏవండీ! ఈ పరదాల కొలత ఎవరు ఇచ్చారు?"

మాస్టారు వీధిలో నిలబడి తలెత్తి చూశాడు. నాలుగు అంతస్తుల ఎత్తు. మెడలో టేపు వేలాడుతోంది.

"నేనే," అన్నాడు.

తల లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి బుట్ట కిందికి దిగింది. అంచులు కుట్టి ఉన్నాయి, ఎప్పటిలాగే వంకరలేకుండా, కుట్టుకీ కుట్టుకీ ఒకే దూరం. ఆయన పరదాలు తీసుకున్నాడు. ఖాళీ బుట్టని కింద వదిలెయ్యకుండా, రేపటి నాలుగు ప్యాంట్లు అందులో వేసి మళ్ళీ పైకి లాగాడు.