సుద్దముక్క నూకరత్నం చేతికి వెళ్లిన రోజు

మా చిన్నప్పుడు... పదో తరగతిలో మా సైన్సు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. సరిగ్గా జవాబు చెప్పినవాళ్ల చేతికి సుద్దముక్క ఇచ్చి, బోర్డు మీద బొమ్మ వేయించేవారు. ఆ సుద్దముక్క దాదాపు ఎప్పుడూ నాదే...

ఒకరోజు అడిగారు, సోడియం పరమాణువు పెద్దదా, సోడియం అయాన్ పెద్దదా అని. ఠక్కున లేచాను.

"అయానే సార్. పక్కన ప్లస్ గుర్తుంది కదండీ."

మాస్టారు నవ్వారు. "ప్లస్ అంటే ఒక ఎలక్ట్రాన్ పోయిందనమ్మా, వచ్చిందని కాదు."

నా చెవులు వేడెక్కాయి. అప్పుడు లేచింది, నా పక్కన కూర్చునే నూకరత్నం. జాలరిపేట పిల్ల. వాళ్లమ్మ చేపలమ్మేది.

"బయట వరసలో ఒక్కటే ఎలక్ట్రానుంది కద సార్... అదెలిపోతే ఆ వరసే నేదు. మిగతాయి లోపలికి దగ్గరవుతాయి. అయానే సిన్నది."

"మరి క్లోరిన్? దానికి బయట వరసలో ఏడుంటాయి, ఇంకోటి వచ్చి చేరుతుంది," అన్నారు మాస్టారు.

"మా ఈదిలో సేపల రాసి సుట్టూ ఏడుగురు కూకుని ఏరతంటారు సార్. ఎనిమిదో మనిసొచ్చి దూరితే మోసేతులు తగిలి అందరూ ఎనక్కి జరగాల. రాసి అదే... సుట్టు పెద్దదవుతాది. క్లోరైడ్ అయానూ అంతే."

మాస్టారు సుద్దముక్క దాని చేతిలో పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకమంతా బట్టీ పట్టింది నేను... ఇసుకలో కూర్చుని చేపలు ఏరుతూ తెలుసుకుంది అది.

ఇంటర్వెల్‌లో దానికి వినబడేలా అన్నాను, "ఇక్కడ చేపల కంపు కొడుతోంది, కిటికీ తెరవండే" అని. అందరూ నవ్వారు.

మర్నాడు అది చివరి బెంచీకి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ చెయ్యెత్తలేదు. సుద్దముక్క నాకు తిరిగొచ్చింది... సంతోషంగానే తీసుకున్నాను, అబద్ధమెందుకు.

ఇప్పుడు మద్దిలపాలెంలో ట్యూషన్లు చెబుతున్నాను. ఈ పిల్లలు అయాన్లను ఫోన్లో కదిలే బొమ్మల్లోనే చూసేస్తారు. బోర్డు దగ్గరికి రమ్మంటే బద్ధకం. అయినా చేపల రాశి సంగతి చెప్పగానే తలలెత్తి, "భలే చెప్పారు మేడం" అంటారు. నా సొంతమే అన్నట్టు నవ్వి ఊరుకుంటాను... ఏళ్ల తరబడి.

మీరూ ఎవరిని చూసైనా ఇలా కుళ్లుకుని ఉంటే, కింద కామెంట్లలో వాళ్ల పేరు రాయండి. నూకరత్నం ఇది చదివితే బావుండనిపిస్తుంది... చదివి, నాకంటే బాగా ఏదైనా రాసేస్తుందేమోనని ఇప్పటికీ కుళ్లే.