ఇంకో యాభై పరుగులు

ఇంగ్లండ్‌లో టెస్ట్ మొదలయ్యేసరికి మాకు సింగపూర్‌లో సాయంత్రం. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఆఫీసు నుంచి రాగానే వాళ్ళ నాన్నతో కూర్చుని చూసేవాడు. ఇంగ్లండ్ ఎంత టార్గెట్ పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ పోట్లాటే. ఈయనేమో ఇంకా కొట్టాలనేవారు, వాడేమో చాలనేవాడు.

వాడు పోయి నాలుగు నెలలు. అప్పటినుంచీ నోరు విప్పని ఈయన ఈ రోజు టీవీ పెట్టారు.

"ఇద్దరు స్పిన్నర్లని టీమ్‌లోకి తీసుకున్నది ఎందుకంట? మూడొందలు చాలు, ఇక బ్యాటింగ్ ఆపమను" అన్నారు.

అచ్చం వాడి మాటే.

"చాలవండీ, ఇంకో యాభై ఉండాలి" అన్నాను.

"నీకేం తెలుసే!" అంటూ గంటసేపు నాతో వాదించారు.

నిజంగానే నాకేమీ తెలియదు. రేపు కూడా ఆట ఉందట. ఏమని ఎదురు చెప్పాలో తెలిసినవాళ్ళు కాస్త రాయండి.