పక్కింటి అబ్బాయికి సంత

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా అమ్మాయి. "అమ్మా, పక్కింటి అన్నయ్య పిల్లనడగడానికి స్వోర్డ్స్ ఊరికి వెళ్తాడట! వణికిపోతున్నాడు!" అంతా ఇంగ్లీషే, అదీ మేముండే లెటర్‌కెన్నీ ఊరి ఐరిష్ యాసలో.

వెనకే వాడూ వచ్చి వంటింట్లో కూలబడ్డాడు. వాళ్ళు నైజీరియా నుంచి వచ్చిన ఇగ్బోలు. వాడు పెరిగింది ఇక్కడే. ఇగ్బోలో నోరు విప్పింది మాత్రం ఆ పిల్లను ప్రేమించాకే, అదీ ఆమె దగ్గర నేర్చుకునే. చిక్కంతా అక్కడే. పిల్ల తరఫువాళ్ళది ఒనిచా వైపు, వీళ్ళది న్సుక్కా. మన శ్రీకాకుళం మాటకీ కరీంనగర్ మాటకీ ఉన్నంత తేడా.

"వాళ్ళ యాసలోనే వాళ్ళ పిల్లనడిగితే ఏం బావుంటుంది, ఆంటీ? మా అమ్మ మాటల్లో అడగాలి. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంగ్లీషులోనే జవాబిచ్చాను."

"అవున్రా, ఇల్లరికం వచ్చాడంటారు."

ఇల్లరికమంటే ఏమిటో చెప్పగానే తల పట్టుకున్నాడు.

వాళ్ళమ్మ మొన్నటేడు పోయింది. అంతవరకూ కంచెకి అటు ఆవిడ, ఇటు నేను. పులిహోర అందిస్తే "దేజే" అనేది. ఆవిడ చర్చి స్నేహితురాళ్ళు "దాలూ" అనేవారు. రెండూ థాంక్సే. కొడుక్కి పిల్లనెలా అడుగుతుందో తన యాసలోనే నటించి చూపేది, నన్ను వియ్యపురాల్ని చేసి. నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారు ఇంట్లోనే శ్లోకాలకి సంత చెప్పేవారు: ఆయనొకసారి, నేను రెండుసార్లు. విన్నది చెవిలో నిలవడం స్వామి పెట్టిన భిక్ష. ఆవిడ మాటలూ నిలిచాయి.

అంతే, వాడికి సంత మొదలు.

"చివర సాగదియ్యరా!"

"ఇలాగా?"

"అది నీకు కాబోయే పెళ్ళాం యాస. మళ్ళీ!"

పోపు మాడింది. మా అమ్మాయి నవ్వలేక నేలమీద దొర్లింది.

స్వోర్డ్స్‌కి వాడి తరఫు పెద్దగా పట్టుచీరలో నేనే వెళ్ళాను. వాడు లేచి నిలబడి, ఒక్క ఊపిరిలో, తల్లి సాగదీసినట్టే సాగదీసి అడిగాడు. పిల్ల అమ్మమ్మ కళ్ళెత్తింది.

"ఈ న్సుక్కా మాట ఎవరు నేర్పారు?"

వాడు నన్ను చూపించాడు.

"ఈ చీరావిడా!"

ఇల్లంతా ఒకటే నవ్వు. ముసలావిడ నా చేతులు పట్టుకుంటే నా నోట అప్రయత్నంగా "దేజే" వచ్చేసింది. మళ్ళీ నవ్వు. అప్పుడావిడ కళ్ళు తుడుచుకుని, "మాట మీ అమ్మదే, అల్లుడూ. అడిగింది ఆవిడే. ఇచ్చాం" అంది.

వాడు నా భుజం మీద తల పెట్టి నవ్వుతూనే ఏడ్చాడు.

చదివినవారు ఈ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.